అతుకు వేసిన రోజులు

నవంబరు 4, మంగళవారం

డాక్టరమ్మ గారికి నమస్కారం. నా చేతిరాత బాగోదు. అయిదో తరగతితో బడి మానేసి మగ్గంలో దిగినవాణ్ని. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సందేహమే. తప్పులుంటే మన్నించండి. మీరు చెప్పినట్టే మా మనవరాలు ఆమని రోజూ ఏం తిన్నదీ, నెప్పి ఎప్పుడు వచ్చిందీ

ఇక్కడిదాకా రాసేసరికి చెయ్యి తగిలి సిరా అలుక్కుపోయింది. ఇది ఆవిడకి ఇవ్వడానికి పనికిరాదు. రేపు తెల్ల అట్ట పుస్తకం ఒకటి కొని నీటుగా గళ్ళు గీస్తాను. ఇది నా దగ్గరే ఉంటుంది. ఎవరూ చూడరు. ఎలా రాసినా ఫర్వాలేదు.

పిల్లని ఇంటికి తెచ్చుకున్నాం. అయిదు రోజులు శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉంది. నాగులచవితి అయిన మూడోరోజున, ఆ తుఫాను వానలో మొదలైంది నెప్పి. బొడ్డు చుట్టూ మెలిపెట్టేస్తోందని ఒకటే ఏడుపు. ఇలా రావడం ఇది మూడోసారి. పోయినేడు కార్తీకంలో ఒకసారి. శివరాత్రి మర్నాడు ఒకసారి. అప్పుడు అపెండిక్స్ అని ఒకచోట కోసేశారు. కోసినా మళ్ళీ వచ్చింది.

డాక్టర్ విశాలి గారు చిన్నావిడే. నెమ్మదిగా చెప్తారు. మరిచిపోకుండా రాసుకుంటున్నాను. ఒంట్లో రక్తానికి ఎరుపు తెచ్చే సరుకు ఒకటి తయారవుతుందట. దాన్ని చేసే మొదటి పనివాణ్ని ఎంజైము అంటారట. అలాంటి పనివాళ్ళు ఎంతమంది కావాలో జన్యువు చెప్తుందట. "ఆ జన్యువు తిండిని బట్టి, ఆడపిల్లల హార్మోన్లని బట్టి హెచ్చుతగ్గులు అవుతుంది తాతగారూ. నాకు అనుమానం మాత్రమే. ఇప్పుడు నెప్పి దిగిపోయింది కాబట్టి పరీక్ష సరిగ్గా తేలకపోవచ్చు. ఈసారి నెప్పి వస్తే వెంటనే తీసుకురండి. అందాకా తిన్నది, నెప్పి, మందులు, నెలసరి, నాలుగూ తేదీలతో రాయండి. పిల్ల వేళకి తినాలి" అన్నారు.

నాలుగోమాట అనగానే నేను గోడకేసి చూశాను.

ఇంటికి రాగానే మా ఆడది సుభద్ర అడిగింది. "ఏటన్నాది డాక్టరమ్మ?"

"తిండిని బట్టి వస్తాదంట."

"సూసినావా మరి! నాను మొదట్నించీ సెప్తన్నాను. కాలేజీకాడ నూడుల్సని, ఆ అడ్డమైన గడ్డీ తింతాది. కడుపు కాలీగ ఉంచితే ఏ రోగం దగ్గరకొస్తాది? లంకణం పరమౌషధం అని పెద్దోలు ఊరకనే అన్నారేటి?"

వేళకి తినాలన్నారని చెప్పడం మరిచిపోయాను. రేపు చెప్తాను.

నవంబరు 5, బుధవారం

పున్నమి. పిల్ల ఇంకా నీరసంగా ఉంది, ఉపవాసం వద్దన్నాను. సుభద్ర ఒప్పుకుంది గాని ఒక మాట అంది. ఆసుపత్రిలో పిల్ల గిలగిల్లాడుతున్నప్పుడు శ్రీకూర్మం స్వామికి మొక్కుకుందట. నెప్పి దిగితే మిగిలిన కార్తీక సోమవారాలూ, ఏకాదశీ ఆమని చేత ఉపవాసం ఉంచుతానని.

మొక్కిన మర్నాడే నెప్పి దిగింది. అది నిజమే.

వేళకి తినాలన్న మాట చెప్పలేదు.

నవంబరు 7, శుక్రవారం

తెల్ల పుస్తకం కొన్నాను. గళ్ళు గీశాను. తేదీ, తిండి, నెప్పి, మందు. నాలుగోమాటకి గడి గీయలేదు. ఆ సంగతి కోడలు శైలజని అడగాలి. మావగారు కోడలిని అడిగే మాటా అది? ఆమె తల్లి కాబట్టి ఆమెకి తెలుస్తుంది. డాక్టరమ్మే ఆమెని అడుగుతారు.

ఆమని ఇడ్లీ తింటుంటే పక్కన కూర్చుని రాస్తున్నాను. తొంగి చూసి నవ్వింది.

"ఏటి తాతా, సీఐడీ పనిలో జేరిపోనావేటి?"

"నాలుగు తిన్నావు కదా."

"మూడని రాయి. డాక్టరమ్మ నన్ను తిండిబోతు అనుకుంటాది."

"నాలుగు తిన్నావు."

"ఓరి దేవుడా! మాటాడవు గాని అద్దణా కూడా వొదలవు నువ్వు."

నాలుగే రాశాను. 

మధ్యాహ్నం రాట్నం దగ్గర కూర్చుంది. చదువు డిగ్రీ అయినా, ఆమదాలవలస కాలేజీకి రైలు మీద వెళ్ళొచ్చినా, చేతిలో పని మాత్రం మా అమ్మదే. చేప దవడతో పత్తి దువ్వడం, ఏకు చెయ్యడం, సన్నదారం తియ్యడం, శైలజ కన్నా బాగా చేస్తుంది. ఈ రోజు గంటలో రెండుసార్లే తెగింది. చేతులు బాగానే ఉన్నాయన్నమాట. డాక్టరమ్మ ఇది రాయమనలేదు. నాకోసం రాసుకున్నాను.

నవంబరు 10, సోమవారం

పిల్ల పొద్దున్నే తలస్నానం చేసి దీపం పెట్టింది. చుక్క పొడిచేదాకా పచ్చి గంగ ముట్టలేదు. తరవాత అన్నం, పెసరపప్పు, రెండు బూరెలు.

తెల్ల పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వేళకి తినాలన్నారు. ఉపవాసం నాడు వేళ అంటే చుక్క పొడిచాకే కదా. తప్పేమీ లేదు. కాని పొద్దున, మధ్యాహ్నం గళ్ళు ఖాళీగా ఉన్నాయి. చదువుకున్నావిడ చూస్తే ఏమనుకుంటుంది? మా ఆడదాన్ని పదిమందిలో కసిరితే?

నేతలో పోగు తెగితే వదిలెయ్యం. అతుకు వేసి, వేలితో నలిపి, తెలియకుండా చేసి ముందుకి పోతాం. నా అతుకు ఎక్కడుందో మా నాయన కూడా పట్టలేకపోయేవాడు. ఆదివారం గడి చూసి అదే రాసేశాను. పొద్దున ఉప్మా. మధ్యాహ్నం అన్నం, బీరకాయ కూర.

నెప్పి: లేదు. ఇది నిజం.

నవంబరు 11, మంగళవారం

పిల్ల బాగానే ఉంది. ఉపవాసం వల్ల ఏమీ కాలేదు. చూశావా.

నవంబరు 13, గురువారం

మగ్గం దగ్గర ఊరికే మా అప్ప గుర్తొచ్చింది, నా తోడబుట్టిన అక్క. ఎందుకో తెలీదు. రాయను.

సుభద్రకి చెప్పలేదు ఇంకా.

నవంబరు 15, శనివారం

ఏకాదశి. ఈ రోజు రాత్రికి కూడా ఏమీ లేదు, రేపు ద్వాదశి పారణకే.

పొద్దున ఆమని నసిగింది. "నానమ్మా, నాకు తల తిరుగుతన్నాది. సిన్న అరటిపండు తింతాను."

"పండుకి పోయి మొక్కు పాడు సేసుకుంతావా? నీ కోసమే కదే నానూ ఉంతన్నాను. డెబ్బైయేల్ల ముసిల్దాన్ని నాను ఉంటే నీకేటి రోగం?"

"నీకు నెప్పి రాదు కదా."

"అందుకే ఉండమంతన్నాను. మీ తాతనడుగు, డాక్టరమ్మ ఏటన్నాదో. తిండివల్లే వస్తాదన్నాది. కాదేటయ్యా? మాటాడవేటి?"

పిల్ల నాకేసి చూసింది. నేను పడుగు సరిచేస్తున్నాను. చేతిలో పోగులున్నాయి, తల ఎత్తడానికి లేదు. "ఊఁ" అన్నాను.

శైలజ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా నాకేసి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తెల్ల పుస్తకంలో అతుకు వేశాను. ఈసారి శుక్రవారం గడి చూసి.

నవంబరు 16, ఆదివారం

పారణలో పిల్ల సరిగ్గా తినలేదు. రెండు ముద్దలు. వాంతి. సాయంత్రం నడుము పట్టేసినట్టుందంది. కాళ్ళు లాగుతున్నాయంది. శైలజ నూనె రాసింది.

నెప్పి అని రాయలేదు. నడుము నెప్పి వేరు, కడుపు నెప్పి వేరు.

నవంబరు 17, సోమవారం

ఆఖరి సోమవారం. పిల్ల వద్దనలేదు. వద్దనే ఓపిక లేదు. శైలజ మాత్రం వచ్చి నా వెనకాల నిలబడింది. ఇరవై ఏళ్ళుగా మా మధ్య మాటలు నాలుగంటే నాలుగు.

"మావయ్యా, పిల్లకి ఏటైనా పెట్టమంటారా? మీరు సెప్తే అత్త వింతాది."

ఆ మాటకి నేను జవాబు చెప్పాలి. ఈ రోజుతో మొక్కు తీరిపోతుంది, ఒక్క రోజే కదా అనుకున్నాను. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలీదు. ఆమె వెళ్ళిపోయింది. పెట్టలేదు.

మూడో అతుకు.

మధ్యాహ్నం రాట్నం దగ్గర పదిసార్లు తెగింది దారం. తరవాత ఏకు చేతిలోంచి జారి కింద పడింది. తీసుకోలేకపోయింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు. నన్ను చూసి నవ్వింది, సిగ్గుపడినట్టు.

"నిద్దర సాల్లేదు తాతా."

అప్పకి కూడా ముందు చేతులే పోయాయి.

నవంబరు 18, మంగళవారం

వచ్చేసింది.

తెల్లారుతూనే మొదలు. పొట్ట పట్టుకుని నేల మీద దొర్లుతోంది. పొట్ట గట్టిగా లేదు, మెత్తగానే ఉంది. పైకి ఏమీ కనబడదు. లోపల మాత్రం చంపేస్తోంది. గుండె దడదడ. "సచ్చిపోతన్నాను తాతా, సచ్చిపోతన్నాను" అంటోంది.

సుభద్ర జీలకర్ర నీళ్ళు పట్టించి ఇంకేమీ పెట్టొద్దంది. "కడుపు మాడిస్తే నెప్పి సస్తాది. రెండు పూటలు ఓపిక పట్టవే నా తల్లీ." అది కూడా ఏడుస్తోంది. పిల్ల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసుకుతోంది. దానికి ప్రేమ లేదని ఎవరనగలరు? ఆమెకి తెలిసిన వైద్యం అది. నాకు తెలిసింది ఆమెకి చెప్పలేదు.

శైలజ నన్ను పెరట్లోకి పిలిచింది. పిల్ల లేవలేక చెంబులో ఒంటేలు పోసిందట. ఎండలో ఉండిపోయింది ఆ చెంబు. చూపించింది. రంగు కాఫీ డికాషన్‌లా, కొంచెం ఎర్రగా. సుభద్ర చూసి ఎవరో చేతబడి చేశారంది. నేను తీసుకెళ్ళి పారబోసి చెంబు తోమేశాను. ఆడపిల్ల సంగతి. ఎవరికి చెప్తాం?

అప్పది కూడా అలాగే ఉండేది. అమ్మ నులకమంచం కింద బూడిద పోసేది. ఎర్రగా అయ్యేది బూడిద.

మధ్యాహ్నం పిల్ల నా పంచె కొంగు పట్టుకుంది. చెయ్యి పట్టు లేదు, జారిపోతోంది.

"తాతా, ఏటైనా తియ్యటిది పెట్టు. సిన్న బెల్లం ముక్క."

నేను లేచి వీధిలోకి వచ్చేశాను. బస్సుల రోడ్డుదాకా నడిచాను. ఎందుకు నడిచానో తెలీదు. తిరిగొచ్చి ఆటో పిలిచాను. సుభద్ర అరిచింది. మొదటిసారి ఆమె మాట వినలేదు.

నవంబరు 19, బుధవారం

ఆసుపత్రి. కొడుకు ధర్మేంద్ర లారీ నాగపూర్ అవతల ఉందట. నాలుగు రోజులు పడుతుంది. ఫోనులో "నాన్నా, నువ్వున్నావు కదా, డాక్టర్లు ఏటి సెప్తే అది సెయ్యి" అన్నాడు. నేనున్నాను.

పరీక్షకి శాంపిల్ విశాఖపట్నం పంపించారు. ఫలితానికి నాలుగైదు రోజులట.

పోయినసారి ఎక్కించినది తీపి సీసా. ఈసారి ఉప్పు సీసా. నర్సు జగదీశ్వరి గారిని అడిగితే చెప్పింది, పెద్ద డాక్టరు గారు వాంతులని ఇది రాశారట. పోయినసారి రెండో రోజుకి నెప్పి దిగింది. ఈసారి దిగలేదు.

మొక్కుకి దిగిందనుకున్నాం.

నవంబరు 20, గురువారం, పొద్దున

రాయాలి.

తొమ్మిదింటికి విశాలి గారు వచ్చారు. వెనకాల ఇంకా చదువుకుంటున్న నలుగురు పిల్ల డాక్టర్లు. పొట్టకోసే పెద్ద డాక్టరు మోహనకృష్ణ గారు కూడా ఉన్నారు. శైలజ మందుల చీటీ పట్టుకుని కిందకి వెళ్ళింది. మంచం దగ్గర నేనొక్కణ్నే.

విశాలి గారు వాళ్ళకి చెప్తున్నారు. నేను గోడకి ఆనుకుని విన్నాను. ఒక్క ముక్క వదలకుండా విన్నాను.

రక్తానికి ఎరుపు తెచ్చే ఆ సరుకు చేతులు మారుతూ తయారవుతుందట. మొదటి పనివాడు చేసింది రెండోవాడు, రెండోవాడు చేసింది మూడోవాడు అందుకోవాలి. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి మూడోవాడు పుట్టుకతోనే సగం బలం. మొదటివాడు నిదానంగా ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. వాడు ఎగబడ్డాడా, మధ్యలో సరుకు పేరుకుపోతుంది. అది నరాలకి విషం. ముందు పొట్ట, తరవాత చేతులు, కాళ్ళు, తరవాత ఊపిరి.

నాకు అర్థమైంది. కండెలు చుట్టేవాడు చుట్టుకుంటూ పోతాడు, మగ్గం మీద నేసేవాడు ముసలివాడు. మధ్యలో దారం గుట్ట పడి చిక్కుపడిపోతుంది. తప్పు దారానిది కాదు.

"మరి మొదటివాణ్ని ఎగదోసేది ఏమిటి మేడం?" అని ఒక పిల్ల డాక్టరు అడిగాడు.

"రెండు ముఖ్యం" అన్నారు ఆవిడ. "ఒకటి ఆకలి. ఒంట్లో చక్కెర, పిండి ఉన్నంతసేపూ ఆ జన్యువు అణిగి ఉంటుంది. ఉపవాసం ఉంటే లేచి కూర్చుని ఎంజైముని విపరీతంగా తయారుచేయిస్తుంది. రెండోది హార్మోను. నెలసరికి ముందు పది పన్నెండు రోజులు అది కూడా లేపుతుంది. రెండూ ఒకేసారి కలిశాయంటే నిప్పుకి గాలి తోడైనట్టే. అందుకే గ్లూకోజు ఎక్కిస్తే దిగుతుంది."

తిండివల్ల కాదు. తినకపోవడం వల్ల.

మోహనకృష్ణ గారు అన్నారు, "వినడానికి బాగుంది. కాని ఈ పిల్ల ఉపవాసాలు చేసిందా?"

విశాలి గారు నా తెల్ల పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. నీటైన గళ్ళు. మెచ్చుకున్నారు కూడా. "తాతగారు ఎంత శ్రద్ధగా రాశారో చూడండి. నెప్పి వచ్చేదాకా ఒక్క పూట మానలేదు పిల్ల. ఇడ్లీలు కూడా లెక్కపెట్టారు." మళ్ళీ నాకేసి తిరిగారు. "తాతగారూ, ఉపవాసాలు ఏమైనా ఉంచారా? కార్తీకం కదా."

నా తల అడ్డంగా కదిలింది. 

"నెలసరి ఎప్పుడో తెలుసా?"

గోడకేసి చూశాను.

ఆవిడ నిట్టూర్చారు. "అయితే నా అనుమానం బలహీనమే సార్. ఫలితం వచ్చేదాకా ఆగుదామంటే..."

"అన్ని రోజులు ఆగే స్థితి కాదమ్మా. పాత ఆపరేషన్ దగ్గర పేగు అతుక్కుని ఉంటుంది. రేపు ఎనిమిదింటికి తెరుద్దాం."

"ఒకవేళ ఆ జబ్బే అయితే కొన్ని మత్తుమందులు ప్రాణం మీదకి తెస్తాయి సార్."

"అయితే అన్నావు. కాదని నీ పుస్తకమే చెప్తోంది."

వెళ్ళిపోయారు.

నా అతుకు ఎవరూ పట్టలేకపోయారు.

నవంబరు 20, సాయంత్రం నాలుగు

పిల్ల మంచానికి ఒక అట్ట కట్టారు. నోటితో ఏమీ ఇవ్వకూడదని. రేపు ఆపరేషన్ కదా. మళ్ళీ ఉపవాసం.

సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. కళ్ళజోడు ఇంట్లో మరిచానని అబద్ధం చెప్పాను. జేబులోనే ఉంది.

శైలజకి నేను అన్నీ రాశాననే నమ్మకం. "మావయ్యా, మీరు రాసినాది డాక్టరమ్మ సదివినారా? ఏకాదశి సంగతి ఏటన్నారు?" అని అడిగింది. అప్పుడు చెప్పాను. రాయలేదమ్మా, అని. ఆమె నన్ను తిట్టలేదు. మెల్లగా బెంచీ మీద కూర్చుంది. తరవాత తనే లేచి విశాలి గారి కోసం వెళ్ళింది. ఆవిడ ఇంకో చోట ఓపీకి వెళ్ళారట, ఆరింటికి వస్తారట. ఫోను ఎత్తడం లేదట. మోహనకృష్ణ గారు శైలజ మాట సగం విని "పుస్తకంలో అలా లేదే అమ్మా, ఇప్పుడు ఆపరేషన్ అనేసరికి భయపడుతున్నారు, ఎవరికైనా భయమే" అన్నారట.

నా రాత ఉంది కదా మరి. ఆమె మాటకన్నా నా రాతే నిజమైపోయింది.

"అయితే ఇంకోటి రాయండి మావయ్యా. నిజంది రాయండి" అంది శైలజ. ఈ పుస్తకం సంచిలోనే ఉందని ఆమెకి తెలీదు. 

డాక్టరమ్మా,

ఇది మీ కోసం రాసుకున్న పుస్తకం కాదు. మొదటి పేజీ మాత్రం మీకే మొదలుపెట్టాను, అలికిపోయింది. నర్సు జగదీశ్వరి గారి చేతికి ఇస్తున్నాను, మీరు రాగానే ఇస్తానన్నారు. తెల్ల పుస్తకం చింపెయ్యండి. అందులో పదో తారీకు, పదిహేను, పదిహేడు నేను అల్లినవి. ఆ మూడు రోజులూ పగలు పిల్ల ఏమీ తినలేదు. పదిహేనున రాత్రి కూడా తినలేదు. పద్దెనిమిది నుంచి జీలకర్ర నీళ్ళే. ముందుసారి నాగులచవితి నాడూ, తరవాతి సోమవారమూ ఉపవాసమే, ఆ మర్నాడే నెప్పి. శివరాత్రి కూడా అంతే. నేను తల అడ్డంగా ఊపాను. అది అబద్ధం.

నాలుగోమాట. శైలజని అడిగాను. అడిగేశాను. పోయిననెల ఇరవై తొమ్మిదిన. మళ్ళీ ఈ నెల ఇరవై ఆరు ప్రాంతాల రావాలి. నెప్పి ఎప్పుడూ దానికి ముందే వస్తుందట. ఆమెకి ఎప్పుడో తెలుసట, అడిగినవాళ్ళు లేరట.

పోసింది ఎండలో ఉంచితే ఎర్రటి డికాషన్ రంగు. నేనే పారబోశాను.

సుభద్రని ఏమీ అనకండి. వేళకి తినాలని మీరన్న మాట ఆమెకి నేను చేరవెయ్యలేదు.

ఇంకొకటి ఉంది. మీకు పనికొస్తుందో లేదో తెలీదు. పుట్టుకతో వస్తుందన్నారు కదా. మా అప్ప లక్ష్మీనరసమ్మ. పంతొమ్మిదేళ్ళు. నాకు పదకొండు. కార్తీకమే. ఇదే నెప్పి, ఇవే చేతులు. ఊళ్ళో ఒకాయన చూసి గాలి సోకిందన్నాడు, మూడు రోజులు గింజ ముట్టనివ్వొద్దన్నాడు. గుమ్మంలో కాపలా నన్ను కూర్చోబెట్టారు. నేను చెప్పిన మాట వినేవాణ్ని, ఎదురు మాట్లాడనివాణ్ని కాబట్టి. "ఒరే తమ్ముడా, సిటికెడు బెల్లం పెట్టరా" అని రెండు రోజులు అడిగింది. నా దగ్గర ఉంది. చొక్కా జేబులో ఉంది. కనబడితే ఇంకా అడుగుతుందని నేనే తినేశాను. మూడో రోజు అడగలేదు. నోరు కదిలింది గాని గొంతు రాలేదు. సాయంత్రానికి ఊపిరి ఆగిపోయింది.

ఈ మాట అరవై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆమని గొంతు కూడా బొంగురుపోయింది. మధ్యాహ్నం నుంచి మాట స్పష్టంగా లేదు. నేను వంగి చెవి దగ్గర పెడితే గాని వినబడటం లేదు. ఏం అడుగుతోందో నాకు వినకుండానే తెలుసు.

బెల్లం ముక్క నా మొలలో ఉంది. మంచానికి అట్ట ఉంది. ఈసారి నా అంతట నేను ఏదీ చెయ్యను, ఏదీ మానను. సంతకం పెట్టలేదు, మీరు చెప్పేదాకా పెట్టను. మీరు వచ్చేదాకా మెట్ల దగ్గర నిలబడి ఉంటాను. ఎదురుపడితే నాకు మాట రాకపోవచ్చు, అందుకే ఇది.

అప్పకి ఆ రోజు పెట్టి ఉంటే బతికేదా అన్నది మీరు రాయకపోయినా ఫర్వాలేదు. పిల్లకి ఏం పెట్టాలో, ఏ సీసా ఎక్కించాలో మాత్రం రాయండి. ఈ కిందనే చోటు వదిలాను. తొందరగా రాయండమ్మా. ఇప్పుడు నాలుగూ ముప్పావు అయింది.

కూర్మనాథం